సిటీ చుట్టుపక్కల పబ్లిక్ గోల్ఫ్ కోర్సు ఎలా ఎంచుకోవాలి: అందరూ అడిగే ప్రశ్నలు

కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన వాళ్ళు ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే, ఎక్కడ ఆడితే బాగుంటుంది అని. పెద్ద సిటీ అయితే గంట ప్రయాణంలో బోలెడు కోర్సులు ఉంటాయి, ఫోటోల్లో అన్నీ పచ్చగానే ఉంటాయి, దాంతో ఏది మంచిదో అర్థం కాక ఎక్కువ పేరున్న దాంట్లో బుక్ చేసేసి, అక్కడికెళ్ళి సగం బాల్స్ చెరువులో పోగొట్టుకుని, ఈ ఆట నాకు పడదు అనుకుని ఇంటికొచ్చేస్తారు. అలా ఆట వదిలేసిన వాళ్ళని చూశాను, నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

పబ్లిక్ కోర్సు అంటే ఏంటి? మెంబర్‌షిప్ లేకపోయినా నిజంగా ఆడనిస్తారా?

ఆడనిస్తారు, గ్రీన్ ఫీజు (ఆడటానికి కట్టే డబ్బు) కట్టి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే టైము) తీసుకుంటే చాలు. కాకపోతే పబ్లిక్ అన్న మాట కింద రెండు మూడు రకాలున్నాయి. సిటీ గవర్నమెంటో కౌంటీయో నడిపేవి మున్సిపల్ కోర్సులు, మామూలుగా ఇవే చవక, రద్దీ కూడా వీటిలోనే. ప్రైవేటు ఓనర్ ఉన్నా అందరికీ తెరిచి ఉండేవి డైలీ ఫీ కోర్సులు. ఇక సెమీ ప్రైవేట్ అంటే ముందు మెంబర్లకి ఇచ్చి మిగిలిన టైములు బయటివాళ్ళకి ఇస్తారు, వీటిలో వీకెండ్ పొద్దున్న దొరకడం కష్టం గానీ వారం మధ్యలో మాత్రం బ్రహ్మాండంగా ఖాళీగా ఉంటాయి.

పబ్లిక్ అంటే నాసిరకం అనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు, గోల్ఫ్ పుట్టిల్లు అని లోకమంతా చెప్పుకునేది, అది పబ్లిక్ కోర్సే. న్యూయార్క్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్క్ కోర్సు 1895లో తెరిచారు, అమెరికాలో మొదటి పబ్లిక్ కోర్సు అదే, ఇప్పటికీ ఆడుతున్నారు. శాన్ డియేగో సిటీదే అయిన టోరీ పైన్స్‌లో 2008లో ఒకసారి, 2021లో ఇంకోసారి యూఎస్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ టోర్నమెంట్ జరిగింది.

అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

టైము. కోర్సు అందం, డిజైనర్ పేరు, ఇవన్నీ తర్వాత సంగతి. 18 హోల్స్‌కి, అంటే పూర్తి రౌండ్‌కి, నలుగురి గ్రూప్ అయితే సాఫీగా సాగినా నాలుగు నుంచి నాలుగున్నర గంటలు, దానికి ముందు వార్మప్‌కి అరగంట, పైన రానూపోనూ ట్రాఫిక్, మొత్తం కలిపితే మీ రోజులో ఎంత పోతుందో లెక్కేసుకోండి. పెద్ద సిటీలో కిలోమీటర్లు చూడొద్దు, ఏ టైముకి ఏ దిక్కుకి పోతున్నామో చూడాలి. తెల్లవారుజామున ఊరి బయటికి పోవడం హాయిగా ఉంటుంది, కానీ అదే కోర్సు నుంచి తిరిగొచ్చేసరికి రోడ్డు మొత్తం జామ్ అయ్యి ఉంటే రౌండ్‌లో వచ్చిన ఆనందం అంతా కారులోనే ఆవిరైపోతుంది. దగ్గర్లో ఉన్న ఒక మోస్తరు కోర్సులో నెలకి మూడుసార్లు ఆడేవాడికి, దూరంలో ఉన్న అద్భుతమైన కోర్సులో మూడు నెలలకోసారి ఆడేవాడికంటే ఆట తొందరగా వస్తుంది, ఇది నేను ఎంతమందిలోనో చూశాను.

స్కోర్‌కార్డ్ మీద స్లోప్, రేటింగ్ అని నంబర్లుంటాయి కదా, అవేంటి?

ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

టీ అంటే ప్రతి హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు, ఒక్కో హోల్‌కి ముందూ వెనకా కొన్ని ఉంటాయి. పార్ అంటే బాగా ఆడేవాడికి పట్టాల్సిన స్ట్రోకులు (బాల్‌ని కొట్టే దెబ్బలు), హ్యాండిక్యాప్ అంటే పార్ కంటే మీకు సుమారుగా ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే నంబరు. కోర్సు రేటింగ్ అంటే స్క్రాచ్ ప్లేయర్, అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్నవాడు, ఆ టీ నుంచి ఆడితే ఎంత స్కోరు రావచ్చో చెప్పే నంబరు. పార్ 72 ఉండి రేటింగ్ 74 ఉందంటే అంత బాగా ఆడేవాడికి కూడా అది కష్టమే అని. స్లోప్ రేటింగ్ వేరు, అది మనలాంటి మామూలు ఆటగాడికి స్క్రాచ్ ప్లేయర్‌తో పోలిస్తే ఎంత ఎక్కువ కష్టమో చెప్తుంది. 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 అంటే స్టాండర్డ్. నీళ్ళు, లోతైన బంకర్లు (ఇసుక గుంటలు), ఇరుకు ఫెయిర్‌వేలు (బాల్ కొట్టాల్సిన కోసిన గడ్డి దారులు), టీ ముందు దాటాల్సిన గోతులు ఎక్కువైతే స్లోప్ పెరుగుతుంది.

ఒక కోర్సులో మీకు పార్ పైన ఎన్ని స్ట్రోకులు ఇస్తారో ఆ లెక్క ఇలా ఉంటుంది. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ని స్లోప్‌తో గుణించి 113తో భాగించాలి, తర్వాత రేటింగ్‌లోంచి పార్ తీసేసి ఆ తేడా కలపాలి. మీ ఇండెక్స్ 20 అనుకోండి, రేటింగ్ పార్ సమానం అనుకోండి, స్లోప్ 113 ఉన్నచోట మీకు 20 స్ట్రోకులు, 130 ఉన్నచోట 23, 140 ఉంటే దాదాపు 25. అంటే అదే మనిషి అదే ఆట ఆడినా కోర్సు మారితే ఐదు స్ట్రోకులు ఎక్కువ పడొచ్చు, అందులో మీ తప్పేం లేదు. మొదటి ఏడాది స్లోప్ 120 దాటని కోర్సులు చూసుకోమంటాను నేను. కార్డు మీద ఒక్కో టీకి ఒక్కో స్లోప్ ఉంటుంది, కాబట్టి మీరు ఆడబోయే టీ నంబరే చూడండి, వెనక టీది చూసి భయపడొద్దు.

మరి ఏ టీ నుంచి ఆడాలి?

నా మట్టుకు ఏ కోర్సు అన్నదానికంటే ఏ టీ అన్నదే పెద్ద ప్రశ్న. రంగులు పట్టించుకోకండి, ఒక్కో చోట ఒక్కో రంగు, మొత్తం యార్డులు చూడండి. సులువైన లెక్క ఒకటుంది, మీ ఫైవ్ ఐరన్‌తో (మధ్య దూరాలకి వాడే క్లబ్, అంటే కర్ర) బాల్ ఎంత దూరం పోతుందో దాన్ని 36తో గుణించండి. 150 యార్డులు పోతే 5400, అదే మీకు సరిపోయే కోర్సు పొడుగు. అమెరికాలో గోల్ఫ్ సంఘాలు ముందు టీల నుంచి ఆడండి అని ప్రచారం చేసినప్పుడు ఇచ్చిన పట్టికలో కూడా డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) 200 యార్డులు కొట్టేవాళ్ళకి 5200 నుంచి 5400, 225 కొట్టేవాళ్ళకి 5800 నుంచి 6000 అనే ఉంది. ఇక్కడ డ్రైవర్ దూరం అంటే మామూలుగా పోయే దూరం, ఎప్పుడో గాలి వెనకనుంచి వీచినప్పుడు ఒకసారి పోయిన దూరం కాదు.

నేను మొదట్లో ఫ్రెండ్స్ అందరూ వెనక నిలబడ్డారని నేనూ 6700 యార్డుల టీ నుంచి ఏడాది పాటు ఆడాను, ప్రతి పార్ 4కి (నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్) రెండో షాట్ కూడా దూరానికి వాడే వుడ్డే, ఐరన్లు బ్యాగులోంచి తీసే పనే లేదు. ముందుకి జరిగిన రోజున తెలిసింది గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి గడ్డి) వైపు వెడ్జ్, అంటే దగ్గరి షాట్ల క్లబ్, పట్టుకుని నిలబడితే ఎంత బాగుంటుందో.

ముందు టీలు ఆడవాళ్ళవి కాదా?

కాదండీ, ఆ మాట ఇక వదిలేద్దాం. తక్కువ దూరం కొట్టే ఎవరికైనా అవే, పిల్లలు, పెద్దవాళ్ళు, కొత్తవాళ్ళు అందరూ. మీ ఇంట్లో ఆడవాళ్ళని తీసుకెళ్తుంటే ఆ కోర్సులో ముందు టీలు 5000 యార్డులకి లోపే ఉన్నాయో లేదో ముందే చూడండి, చాలాచోట్ల పేరుకి ముందు టీలు పెడతారు గానీ అవి కూడా 5400 ఉంటాయి, డ్రైవర్ 140 యార్డులు కొట్టే మనిషికి అది శిక్షే. మంచి కోర్సు అవునా కాదా అని తేల్చడానికి నేను వాడే మొదటి గుర్తు ఇదే, ముందు టీలు శ్రద్ధగా కట్టారా, లేక ఫెయిర్‌వే మొదట్లో ఊరికే రెండు గుర్తులు పాతేశారా అని.

కొన్ని కోర్సుల్లో రౌండ్ ఆరు గంటలు ఎందుకు పడుతుంది?

జనం మెల్లిగా ఆడతారు అని అందరూ అనేస్తారు, అది కొంతవరకే నిజం. అసలు కారణం టీ టైముల మధ్య గ్యాప్. ఏడెనిమిది నిమిషాలకో గ్రూప్‌ని వదిలే కోర్సులో ఎంత చురుగ్గా ఆడినా ఆగిపోతారు, పది నిమిషాలైతే పర్లేదు, పన్నెండు ఉంటే హాయి. ఎందుకంటే పార్ 5 మీద ఒకేసారి మూడు గ్రూపులు ఉండొచ్చు, పార్ 4 మీద రెండు, కానీ పార్ 3 మీద ఒక్క గ్రూపే, వాళ్ళు పుట్ చేసి, అంటే బాల్‌ని రంధ్రంలోకి దొర్లించి, దిగేదాకా వెనకాల వాళ్ళు టీ మీద నిలబడాల్సిందే. కాబట్టి రెండో హోలో మూడో హోలో పొడుగాటి పార్ 3 ఉంటే రోజంతా అక్కడ క్యూ. స్కోర్‌కార్డ్ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, బుక్ చేసేముందు ఒకసారి చూసుకోండి.

మన వైపు నుంచి కూడా చెయ్యాల్సింది ఉంది. రూల్స్ 2019లో మార్చినప్పుడు పోయిన బాల్ వెతకడానికి ఐదు నిమిషాలున్నది మూడుకి తగ్గించారు, ఎవరు రెడీగా ఉంటే వాళ్ళు కొట్టమని కూడా ప్రోత్సహిస్తున్నారు, ఆ రెండు పాటిస్తే చాలు.

టీ టైమ్ ఎప్పుడు బుక్ చెయ్యాలి?

ఒక్కో కోర్సు ఇన్ని రోజుల ముందు అని విండో పెడుతుంది, వారమో రెండు వారాలో. రద్దీ ఉన్న మున్సిపల్ కోర్సుల్లో విండో తెరిచిన మొదటి నిమిషాల్లోనే శని ఆదివారాలు అయిపోతాయి, కాబట్టి ఏ టైముకి తెరుస్తారో కనుక్కుని అలారం పెట్టుకోండి. మీరు ఆ సిటీలోనే ఉంటుంటే రెసిడెంట్ కార్డు ఉందేమో అడగండి, ఫీజు తగ్గుతుంది, కొన్నిచోట్ల బుకింగ్ కూడా ముందే దొరుకుతుంది. బయటి బుకింగ్ యాపుల కంటే కోర్సు సొంత సైట్‌లో చూడటం మంచిది, పైన సర్వీస్ చార్జీ ఉండదు, వాన పడితే క్యాన్సిల్ చెయ్యడం కూడా తేలిక. క్యాన్సిల్ చేసేదుంటే మాత్రం తప్పకుండా చెప్పండి, ఆ టైము కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు.

పొద్దున్న బాగుంటుందా సాయంత్రమా?

గ్రీన్స్ పొద్దున్నే నున్నగా ఉంటాయి, అప్పుడే కోసి ఉంటారు, ఎవరి కాళ్ళ గుర్తులూ ఉండవు. మొదటి గంటలో మంచు తడి ఉంటుంది, బాల్ దొర్లదు, రెండో జత సాక్సులు పెట్టుకోండి. సాయంత్రం ట్విలైట్ రేటుకి ఆడితే ఫీజు బాగా తగ్గుతుంది కానీ 18 పూర్తవుతాయన్న గ్యారంటీ లేదు. ఇంకో విషయం ఎవరూ చెప్పరు, చివరి హోల్స్ పడమర వైపు తిరిగి ఉంటే ఎండ కళ్ళలో పడి కొట్టిన బాల్ ఎటు పోయిందో కనపడదు, మ్యాప్‌లో ఒకసారి దిక్కు చూడండి.

డబ్బు, టైము రెండూ మిగలాలంటే నా ఓటు వారం మధ్యలో మధ్యాహ్నం దాటాక తొమ్మిది హోల్స్‌కి.

ఒక్కడినే వెళ్తే ఆడనిస్తారా?

ఇస్తారు, ముగ్గురున్న గ్రూపులో కలిపేస్తారు. సింగిల్‌గా వెళ్తేనే అసలు దొరకని కోర్సుల్లో కూడా చోటు దొరుకుతుంది. మొహమాటపడకండి, మొదటి టీ దగ్గర పేరు చెప్పి చెయ్యి కలిపి, నేను కొత్త అని ముందే చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. నాకు గోల్ఫ్‌లో దొరికిన మంచి స్నేహితులు అందరూ అలా స్టార్టర్ (మొదటి టీ దగ్గర గ్రూపుల్ని పంపే మనిషి) కలిపిన వాళ్ళే.

గ్రీన్స్ నిండా చిన్న చిన్న రంధ్రాలున్నాయి, ఇదేంటి?

ఏరేషన్ అంటారు. జనం తొక్కి తొక్కి నేల గట్టిపడిపోతుంది, వేళ్ళకి గాలి నీళ్ళు అందవు, అందుకని మెషిన్‌తో మట్టి ముక్కలు తీసేసి పైన ఇసుక పోస్తారు. బెంట్ గడ్డి ఉన్న చల్లటి ప్రాంతాల్లో వసంతంలోనో చలికాలానికి ముందో చేస్తారు, బెర్ముడా గడ్డి ఉన్న వేడి ప్రాంతాల్లో ఎండాకాలంలో, అంటే గడ్డి బాగా పెరిగే రోజుల్లో. మళ్ళీ నున్నగా అవ్వడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కోర్సుకి అది చాలా అవసరం, కానీ పూర్తి ఫీజు కట్టి ఆ వారంలో ఆడటం మాత్రం అనవసరం. ఒకసారి ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని గంటన్నర డ్రైవ్ చేసి వెళ్ళాక చూశాం, గ్రీన్ల మీద ఇసుక మేటలు, బుకింగ్ సైట్‌లో ఒక్క ముక్క లేదు. అప్పటినుంచి ఫోన్ చెయ్యకుండా కొత్త కోర్సుకి వెళ్ళను.

ఫోన్ చేసి ఏం అడగాలి?

గ్రీన్స్‌కి ఏరేషన్ ఎప్పుడు చేశారు, మళ్ళీ ఎప్పుడు చేస్తారు. ఆ రోజు టోర్నమెంట్ ఏమైనా ఉందా. టీ టైముల మధ్య ఎన్ని నిమిషాలు. నడవనిస్తారా. ప్రాక్టీసు రేంజ్‌లో గడ్డి మీద కొట్టొచ్చా లేక మ్యాట్లేనా. క్లబ్బులు అద్దెకి దొరుకుతాయా, ఎడమచేతి వాళ్ళకి కూడా ఉన్నాయా. డ్రెస్ కోడ్ ఉందా, కాలర్ షర్ట్ వేసుకుని వెళ్తే ఎక్కడా ఇబ్బంది రాదు. ఫోన్ తీసినవాళ్ళు ఎంత ఓపిగ్గా చెప్తారన్న దాన్నిబట్టే ఆ కోర్సుని ఎలా నడుపుతున్నారో సగం తెలిసిపోతుంది.

నడవాలా, కార్ట్ తీసుకోవాలా?

కుదిరితే నడవండి. 18 హోల్స్‌కి ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల నడక అవుతుంది, తర్వాతి షాట్ గురించి ఆలోచించుకునే టైము దొరుకుతుంది, కాళ్ళకి నేల వాలు తెలుస్తుంది. కానీ అన్ని కోర్సులూ నడకకి పనికిరావు, ఇళ్ళ మధ్యలో కట్టిన కోర్సుల్లో ఒక గ్రీన్ నుంచి ఇంకో టీకి అరకిలోమీటర్ ఉంటుంది. పాత మున్సిపల్ కోర్సుల్లో గ్రీన్ పక్కనే టీ ఉంటుంది, అవి నడకకి సరిగ్గా సరిపోతాయి.

వాన పడ్డ మర్నాడు వెళ్ళొచ్చా?

నీళ్ళు ఇంకే నేల అయితే వెళ్ళొచ్చు. ఇసుక నేల మీద కట్టిన కోర్సు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, బంకమట్టి నేల అయితే రెండు రోజులైనా బురదే. కార్ట్‌ని దాని దారి దిగి గడ్డి మీదకి రానివ్వరు, అలాంటి రోజున నడిచేవాళ్ళకే సుఖం. చలి ఊళ్ళల్లో పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకడితే ఆట ఆలస్యంగా మొదలుపెడతారు, గడ్డకట్టిన ఆకు మీద కాలు పెడితే లోపల కణాలు విరిగి అడుగు పడిన చోటల్లా గడ్డి చచ్చిపోతుంది. స్టార్టర్ ఆపాడని కోపం తెచ్చుకోకండి.

నేను పూర్తిగా కొత్త, నేరుగా 18 హోల్స్‌కి వెళ్ళొచ్చా?

వద్దనే చెప్తాను. ముందు పార్ 3 కోర్సు, అన్నీ చిన్న హోల్సే, రెండు గంటల్లోపు అయిపోతుంది, చిప్పింగ్ (గ్రీన్ దగ్గర కొట్టే చిన్న షాట్లు) పుట్టింగ్ బాగా వస్తాయి. తర్వాత ఎగ్జిక్యూటివ్ కోర్సు, ఎక్కువ పార్ 3లు, మధ్యలో కొన్ని పార్ 4లు. ఆ తర్వాత తొమ్మిది హోల్స్ పెద్ద కోర్సు. పెద్ద సిటీల్లో ఈ చిన్న కోర్సులు ఊరి లోపలే ఉంటాయి, ఆఫీసు అయ్యాక వెళ్ళి వచ్చేయొచ్చు, చాలామంది వాటిని చిన్నచూపు చూసి ఎంత పోగొట్టుకుంటున్నారో నాకు అర్థం కాదు.

తొమ్మిది హోల్స్ ఆడితే హ్యాండిక్యాప్‌కి లెక్కలోకి రాదు అన్న భయం కూడా అక్కర్లేదు, వస్తుంది. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో మొత్తం 54 హోల్స్ స్కోర్లు ఇస్తే ఇండెక్స్ వస్తుంది, అవి తొమ్మిది తొమ్మిదిగా ఇచ్చినా సరే, గరిష్ఠంగా 54 దాకా ఇస్తారు కాబట్టి ఎంత కొత్తవాళ్ళైనా తీసుకోవచ్చు.

ఆన్‌లైన్ రివ్యూలు నమ్మొచ్చా?

స్టార్లు చూడకండి, తేదీలు చూడండి. గడ్డి ఆరు నెలల్లో పూర్తిగా మారిపోతుంది, రెండేళ్ళ కిందటి పొగడ్త ఇప్పుడు పనికిరాదు. గ్రీన్స్ నెమ్మదిగా ఉన్నాయని, అంటే బాల్ మెల్లిగా దొర్లుతుందని, తిట్టేవాళ్ళని పెద్దగా పట్టించుకోవద్దు, కొత్తవాళ్ళకి నెమ్మది గ్రీన్సే మంచిది. బంకర్లలో ఇసుక లేదు, డ్రైనేజీ లేదు, టీ బాక్సులు ఎగుడుదిగుడు అని ముగ్గురు నలుగురు ఒకే మాట రాశారంటే మాత్రం నమ్మండి.

ఫేమస్ కోర్సులో ఒక్కసారైనా ఆడాలని ఉంది, వెళ్ళమంటారా?

తప్పకుండా వెళ్ళండి, కాకపోతే సిద్ధపడి వెళ్ళండి. న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్ స్టేట్ పార్కులో బ్లాక్ కోర్సు ఉంది, 2002లోనూ 2009లోనూ యూఎస్ ఓపెన్ అక్కడే జరిగింది, మొదటి టీ దగ్గరే ఇది చాలా కష్టమైనది, బాగా ఆడేవాళ్ళకి మాత్రమే అని బోర్డు పెట్టి ఉంటుంది. కార్టులు లేవు, అందరూ నడవాల్సిందే. టీ టైమ్ కోసం రాత్రి పార్కింగ్‌లో కార్లలో పడుకునేవాళ్ళున్నారు. కానీ అదే పార్కులో రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో అని ఇంకో నాలుగు కోర్సులున్నాయి, 20 పైన హ్యాండిక్యాప్ ఉన్న మనిషి మిగతా వాటిలో ఒకటి ఆడి, సాయంత్రం వచ్చి బ్లాక్ మొదటి టీ దగ్గర నిలబడి చూసినా ఆ రోజు నిండుగా ఉంటుంది. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సుకి రెండు రోజుల ముందు లాటరీ తీస్తారు, ఆదివారం మామూలుగా ఆటే ఉండదు, ఊళ్ళో జనం అక్కడ పార్కులో నడిచినట్టు నడుస్తారు, ఆ నడక కూడా చాలామందికి జీవితాంతం గుర్తుంటుంది.

ఒకే కోర్సులో ఆడుతూ ఉండాలా, మారుస్తూ ఉండాలా?

ఒకదాన్ని సొంత కోర్సులా చేసుకోండి. అదే గాలి, అదే వాలు, అదే చెట్టు, నాలుగోసారి వెళ్ళేసరికి ఏ హోల్‌లో డ్రైవర్ తీయకూడదో చేతికే తెలిసిపోతుంది, మీ ఆట మెరుగవుతోందా లేదా అని కూడా అప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే కోర్సు మారలేదు మీరే మారారు. నేనైతే నాలుగు రౌండ్లలో మూడు దగ్గరి మున్సిపల్‌లో, ఒకటి కొత్త చోట ఆడతాను. ఆ మూడు రౌండ్లలో స్టార్టర్‌కి నా పేరు తెలుసు, గ్రీన్ మీద నా బాల్ పడి అయిన గుంటతో పాటు పక్కన ఇంకెవరిదో కూడా సరిచేసి వస్తాను.